తలకిందులైన నాలుగో బోరు

హయాత్ బాషాకు రాయి అంటే భయం లేదు, దుమ్ము అంటేనే భయం. బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు బండలు నునుపు చేశాడు. సాయంత్రం ఇంటికొస్తే భార్య దౌలత్‌బీ గుమ్మంలోనే ఆపి, చీపురుతో దులిపి, ఆ తర్వాతే లోపలికి రానిచ్చేది. అన్న నన్నే సాహెబ్ అదే ఫ్యాక్టరీలో పనిచేసి, నలభై రెండేళ్ళకే దగ్గి దగ్గి పోయాడు. బాషాకు ముప్పై ఎనిమిది నిండేసరికి అదే దగ్గు పట్టుకుంది. ఇంక ఆలోచించలేదు. 1977లో ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇచ్చి దుబాయ్ వచ్చేశాడు.

ఊళ్ళో వాళ్ళకు అంతా దుబాయే గానీ, ఆయన దిగింది రాస్ అల్ ఖైమా కొండల్లో. చెట్టూ చేమా లేని బూడిదరంగు కొండలు, వాటి మధ్య ఎండిపోయిన వాగు, వాగు ఒడ్డున కంపెనీ క్యాంపు. సున్నానికీ సిమెంటుకూ పనికొచ్చే తెల్లరాయి ఆ కొండల్లో ఏ లోతున ఉందో వెతకడం కంపెనీ పని. రిగ్గు పెట్టి బోరు వేస్తే, గొట్టంలోంచి చెయ్యి లావున గుండ్రటి రాతి కడ్డీలు వస్తాయి. వాటిని కోర్ అంటారు. ఆ కడ్డీలను నిలువునా రెండుగా కోసే రంపం దగ్గర బాషాను నిలబెట్టారు. నీళ్ళు పోస్తూ కోసే రంపం కాబట్టి దుమ్ము లేవదు. ఆర్నెల్లు తిరిగేసరికి దగ్గు మాయమైంది. ఇక్కడి గాలి మంచిదని బాషా, తన దువా ఫలించిందని దౌలత్‌బీ, ఎవరి లెక్క వారిది.

ఆ రాళ్ళను చదివేది డాక్టర్ ఫిక్రీ. కైరో మనిషి, యాభై దాటినవాడు, పొట్ట కొంచెం ముందుకు. మందులిచ్చే డాక్టరు కాదు, రాళ్ళ డాక్టరు. ఆయన మాట అరబీ, హిందీ కలిపి వండిన కిచిడీ. మనం తెలుగులోనే చెప్పుకుందాం.

మిగతా సాబులకు కూలివాడి చెయ్యి తప్ప మొహం కనబడదు. ఫిక్రీ అలా కాదు. కోసిన రాయి మీద నీళ్ళు చిలకరించి, "హయాత్, ఇటు రా, చూడు" అని పిలిచేవాడు. తడిస్తే రాయిలో దాగినవన్నీ బయటపడతాయి. పొడుగాటి గవ్వలు, నలిగిన పగడాలు, ఆవగింజల్లాంటి గుండ్లు.

"ఇదంతా ఒకప్పుడు సముద్రపు అడుగు. లోతు తక్కువ, నీళ్ళు వెచ్చన. ఏటా కాస్త సున్నపు బురద పడేది, అడుగు మెల్లగా కుంగేది, మళ్ళీ బురద నిండేది. ఈ గవ్వ బతికి పద్దెనిమిది కోట్ల ఏళ్ళయింది. జురాసిక్ అంటాం ఆ కాలాన్ని."

"మా ఊరి నాపరాయిలో ఒక్క గవ్వ గూడా కనపడ్లేదు సాబ్. పద్దెనిమిదేండ్లు చూసినా."

ఫిక్రీ పకపకా నవ్వాడు. "మీ రాయి దీనికి ముత్తాత. దాని కాలానికి గవ్వలింకా పుట్టనే లేదు."

ఆ మాటతో బాషా వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. అప్పట్లో ఉత్తరాలు రాయడం రాని దుబాయ్ వాళ్ళందరూ క్యాసెట్లలో మాట్లాడి ఊరికి పంపేవారు. దౌలత్‌బీకి పంపిన క్యాసెట్టులో సగం ఈ ముత్తాత సంగతే. ఇంకో సగం అసలు కబురు. ఏప్రిల్‌కల్లా బోర్లు అయిపోతాయి, కూలీలందరినీ ఇంటికి పంపేస్తారు. రాళ్ళన్నీ దుబాయ్‌లో అల్ కుసైస్ దగ్గర కంపెనీ షెడ్డుకు తరలిస్తారు. వాటిని చూసుకోవడానికి ఒక్కణ్ణి ఉంచుతారు. ఆ ఒక్కడూ బాషాయే అని ఫిక్రీ మాట ఇచ్చాడు.

దౌలత్‌బీ జవాబు క్యాసెట్టులోనే వచ్చింది. "ఏమయ్యా, ఇంటాండావా? ఆ డాక్టరు సాబు కాళ్ళు పట్టుకోనైనా ఆడనే ఉండు. నా మీద బెంగ వద్దు. ఆ బండల ఫ్యాక్టరీ కాడికి మాత్రం తిరిగి రావాకు. నీ అన్న దగ్గు ఇంకా నా చెవుల్లోనే ఉండాది."

1979 జనవరిలో ఫిక్రీ కూతురి పెళ్ళికని పది రోజులు కైరో వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే నాలుగో బోరు మొదలైంది. కోర్లు పెట్టెల్లో పేర్చే బలూచీ అతను జ్వరంతో పడకేశాడు. డ్రిల్లరు బాషాను రంపం దగ్గర్నించి లాక్కొచ్చి, "నువ్వు పేర్చు, యల్లా, తొందరగా" అన్నాడు. పేర్చడంలో ఏముంది? మీటరు పొడుగు చెక్కపెట్టెలు వరసగా ఇసుకలో పెట్టుకోవడం, పైనుంచి మొదలెట్టి కిందివరకూ, వచ్చిన రాయిని వచ్చిన వరసలో పడుకోబెట్టడం.

బాషా ప్రాణం పెట్టి చేశాడు. ఒక్క ముక్క తారుమారు కాలేదు, ఒక్క పెంకు పారెయ్యలేదు. కొండకు ఎదురుగా నిలబడి, బిస్మిల్లా అని, మొదటి పెట్టెను కుడిచేతి కొసన పెట్టి, ఎడమవైపుకు పేర్చుకుంటూ పోయాడు. ఆయన చదువంతా మసీదు అరుగు మీద, కుడినుంచి ఎడమకు రాసే ఉర్దూలో సాగింది. తెలుగు మాట్లాడతాడే గానీ రాయడం రాదు, ఇంగ్లీషు అసలే రాదు. ఏ పనికైనా మొదలు కుడివైపునే ఉంటుంది, ఇంకెక్కడ ఉంటుంది? ఈ లోకంలో రాళ్ళను ఎడమనుంచి పేర్చేవాళ్ళున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు.

నలభయ్యో మీటరు దగ్గర నీళ్ళ పంపు ఆగిపోయి, రిగ్గు ముక్కు కాలింది. ఆఖరి రాయి ఒక అంచు నీలంగా, నల్లగా మాడి పైకొచ్చింది. బోరు అక్కడితో ఆపేశారు. బాషా ఆ ముక్కను ఎడమ కొసన ఉన్న ఆఖరి పెట్టెలో పెట్టి, చేతులు దులుపుకుని రంపం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దేవరాజు తెల్ల పెయింటు డబ్బా పట్టుకుని వచ్చాడు. నరసాపురం క్రైస్తవుడు, ముప్పయ్యేళ్ళవాడు, క్యాంపులో టైపు కొట్టే గుమాస్తా. అతని చదువు మిషన్ స్కూల్లో. ఎడమ కొసన మొదలుపెట్టి ఒకటి, రెండు, మూడు అని నలభై వరకూ అందంగా అంకెలు వేశాడు. పెట్టెలు ట్రక్కెక్కి క్యాంపు షెడ్డుకు చేరాయి. ఇద్దరూ చక్కగా పనిచేశారు. ఇద్దరూ కలిసి కొండను తలకిందులు చేశారు.

ఫిక్రీ పెళ్ళి మిఠాయిలతో తిరిగొచ్చి, రెండు రోజులు షెడ్డులోంచి బయటికి రాలేదు; ఏరిన ముక్కలను కోయడానికి బాషా రంపానికి పంపుతూనే ఉన్నాడు. మూడో రోజు, బుధవారం, కేకలు పెడుతూ బాషాను పిలిచాడు.

"హయాత్! ఇక్కడ కొండ తిరగబడింది!"

బాషాకు ముందు అర్థం కాలేదు. ఫిక్రీ ఒకటో నంబరు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని గవ్వను చూపించాడు. "చచ్చిన గవ్వ కడుపులోకి ముందు ఏం దిగుతుంది? బురద. నల్లటి బురద ఎప్పుడూ అడుక్కే. పైన మిగిలిన ఖాళీలో తర్వాత తెల్లటి పలుకు పెరుగుతుంది. గిన్నెలో పప్పు అడుక్కి దిగి తేట పైన నిలిచినట్టు. మొదటి మూడు బోర్లలో నలుపు కింద, తెలుపు పైన. ఇక్కడ చూడు, తెలుపు కింద! గవ్వల పొర తెల్లరాయికి కింద ఉండాలి. ఇక్కడ పైన ఉంది! గవ్వా అదే చెబుతోంది, పొరలూ అదే చెబుతున్నాయి. ఈ చోట కొండ మడతపడి బోర్లా పడింది. అంటే తెల్లరాయి గుట్ట వెనక వైపు మళ్ళీ పైకి రావాలి. ఇంతవరకూ ఎవడూ కనిపెట్టలేదు!"

యాభై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. బాషా కూడా సంబరంగా వంగి చూశాడు. గవ్వ పక్కనే ఒక ముక్క కనబడింది. ఒక అంచు నీలంగా, నల్లగా మాడి ఉంది.

బాషా ఇంకా దగ్గరికి వంగాడు. అది ఆఖరి రాయి. నలభయ్యో మీటరుది. ఒకటో పెట్టెలో దానికేం పని? పెట్టెల మీది అంకెలను కళ్ళతోనే ఆ కొస నుంచి ఈ కొస వరకూ తడిమాడు. తను పేర్చిన చోటు గుర్తు చేసుకున్నాడు. దేవరాజు ఎక్కడ నిలబడి మొదలెట్టాడో గుర్తు చేసుకున్నాడు. కొండ తిరగబడలేదు. పెట్టెలు తిరగబడ్డాయి.

"సాబ్..." అన్నాడు.

"ఏమిటి?"

"ఏం లే సాబ్. చాయ్ తేవల్లనా?"

ఆ చాయ్ తేవడానికి వెళ్ళినవాడు చాయ్ మరిచిపోయి, వాగు వెంబడి మైలు దూరం నడిచి, తిరిగి వచ్చి, మళ్ళీ నడిచాడు. చెప్తే ఏమవుతుంది? నలభై పెట్టెలు పేర్చడం చాతకానివాడికి షెడ్డంతా అప్పగిస్తారా? ఏప్రిల్‌లో ఇంటికి. జూన్‌లో ఫ్యాక్టరీ. ఆపైన అన్న దారి. చెప్పకపోతే ఏమవుతుంది? రాతికేం, అది పద్దెనిమిది కోట్ల ఏళ్ళు పడుకుంది, ఇంకొంతకాలం బోర్లా పడుకుంటుంది. ఇలా తనకు తానే సర్దిచెప్పుకుని నాలుగడుగులు వేసేవాడు. ఐదో అడుగుకు ఫిక్రీ చప్పట్లు గుర్తొచ్చేవి.

గురువారం రెండుసార్లు ఆఫీసు గది తలుపు దాకా వెళ్ళాడు. మొదటిసారి ఫిక్రీ ఏదో రాసుకుంటున్నాడు. రెండోసారి తలెత్తి, "హయాత్, నీ కోతే బాగుంది కాబట్టి గవ్వ కడుపు కనబడింది. ముదీర్‌కు రాసే కాగితంలో నీ పేరు కూడా రాస్తాను" అన్నాడు. ముదీర్ అంటే దుబాయ్‌లో ఉండే కంపెనీ మేనేజరు. బాషా వెనక్కి వచ్చేశాడు.

శుక్రవారం నమాజు అయ్యాక దేవరాజును పట్టుకున్నాడు. అంతా విన్నాక దేవరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"భాయ్, నాకేం తెలుసండీ? నంబర్లెయ్యమన్నారు, ఏశాను. మా ఆవిడ దయారాణికి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు ఉజ్జోగం వచ్చి నెల తిరగలేదండీ. నన్ను పంపేస్తే అదొక్కత్తీ ఇక్కడేం చేత్తాదండీ?"

"నిన్ను అంటాండానా రాజూ? తప్పు నాదో నీదో దేవునికి ఎరుక. సాబుకు చెప్పల్లనా వద్దా, అది చెప్పు."

"కొండ తిరగబడితే ఎవడికి నట్టం అండీ? ఎవడి ఇల్లన్నా కూలిందా? ఆయనా సంతోషంగా ఉన్నారు, మనమూ ఉన్నాం. ఏసుప్రభువు తోడు, నేనేం ఇనలేదు."

శనివారం పొద్దున దేవరాజు ఆ కాగితం టైపు కొట్టాడు. బాషా కిటికీ బయట అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. టైపు మిషను టకటకలు ఆగాయి. ఫిక్రీ సంతకం పెట్టాడు. డ్రైవరు కవరు తీసుకుని దుబాయ్ బయల్దేరాడు. బండి వాగు మలుపు తిరిగేదాకా బాషా చూస్తూ నిలబడ్డాడు. చెయ్యెత్తి ఆపితే ఆగేదే. చెయ్యి లేవలేదు.

సోమవారం గుట్ట వెనకకు దారి తవ్వడానికి బుల్డోజరు వచ్చింది. ఇక చూసుకోండి, బాషా అవస్థ. అన్నం ముందు కూర్చుంటే బుల్డోజరు మోత. రంపం ఆపితే బుల్డోజరు మోత. నమాజులో ఎన్ని రకాతులు చదివాడో మరిచిపోయి మళ్ళీ మొదలెట్టేవాడు. పక్క మంచాలవాళ్ళు ఊరినుంచి చావు కబురేమైనా వచ్చిందా అని అడిగారు. ఒక మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఒకటో పెట్టెనూ నలభయ్యో పెట్టెనూ ఎత్తి తారుమారు చేయబోయాడు. అంకెలు మార్చాలి, ముక్కలు తిప్పాలి, ఫిక్రీ నోటు పుస్తకం ఎలా మారుస్తాడు? పెట్టెను ఎక్కడిదక్కడ దించేసి, దాని పక్కనే కూలబడి ఏడ్చాడు. దొంగతనం కూడా చాతకాలేదని తనమీద తనకే అసహ్యం వేసింది.

మళ్ళీ బుధవారం నాటికి గట్టిగా నిశ్చయించుకుని ఆఫీసుకు వెళ్ళాడు. గది తాళం వేసి ఉంది. ముదీర్‌నూ, యూరప్ నుంచి వచ్చిన ఒక రాళ్ళ నిపుణుణ్ణీ తీసుకురావడానికి ఫిక్రీ దుబాయ్ వెళ్ళాడు.

గురువారం పదింటికి మూడు బండ్లు వచ్చాయి. ముదీర్ షెడ్డులో ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. ఫిక్రీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కొండ కథ మొదలుపెట్టి, "హయాత్, ఒకటో పెట్టె మీద నీళ్ళు పొయ్యి" అన్నాడు.

బాషా చెంబు వంచాడు. నీళ్ళు పడగానే గవ్వ మెరిసింది, దాని పక్కన మాడిన అంచు కూడా మెరిసింది. యూరప్ నిపుణుడు కళ్ళజోడు సర్దుకుని వంగాడు. ఇంకో నిమిషం పోతే ఆయనే చూసేవాడేమో. ఆయన నోటివెంట వినడం కన్నా తన చేతులమీదుగా తెలియడమే ఫిక్రీకి కాస్త మర్యాద అనిపించింది బాషాకు. ఆ ముక్కను తీసి ఫిక్రీ అరచేతిలో పెట్టాడు.

ఫిక్రీ దాన్ని తిప్పి చూశాడు. బోరు ఎక్కడ కాలిందో డ్రిల్లరు రాసిచ్చిన కాగితం ఆయన జేబులోనే ఉంది. దాన్ని తియ్యలేదు. ఆయన మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

"ఇది ఆఖరి రాయి."

"అవును సాబ్."

"ఎట్లా పేర్చావు? చూపించు."

బాషా గోడకు ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి చాపి అక్కడ మొదలని చూపించాడు. ఎడమచేతి వైపు నడిచి ఇక్కడ ఆఖరని చూపించాడు. ఫిక్రీ చాలాసేపు ఆ చేతులనే చూశాడు.

"నేనూ అరబీ పేపరు ఆ పక్కనుంచే చదువుతాను. రాళ్ళు మాత్రం ఈ పక్కనుంచి చదవడం నేర్పారు నాకు. నీకు నేర్పాల్సింది నేను" అన్నాడు. తర్వాత ముదీర్ వైపు తిరిగి, నిటారుగా నిలబడి చెప్పాడు. "కొండ సరిగ్గానే ఉంది. నా కాగితమే తప్పు. ఆ దారి తవ్వకం ఆపించండి."

యూరప్ నిపుణుడు నవ్వబోయి ఆపుకున్నాడు. ముదీర్ మాత్రం నవ్వలేదు. వెనక బుల్డోజరు ఇంకా మోగుతోంది.

"పేర్చింది నేను సాబ్. నన్ను పంపండి" అన్నాడు బాషా, వచ్చీరాని అరబీలో. దేవరాజు కూడా గుమ్మం దగ్గర్నుంచి, "నంబర్లు నేను ఏశానండీ" అని తెలుగులోనే అనేశాడు. పాపం, భయంలో ఏ భాషో చూసుకోలేదు.

ముదీర్ ఇద్దరినీ చూడను కూడా లేదు. "ఎవడు పేర్చాడో, ఎవడు రంగు వేశాడో నాకెందుకు? సంతకం ఎవరిది?"

"నాది" అన్నాడు ఫిక్రీ.

"ఖలాస్."

అంతే. ఏప్రిల్ దాకా కూడా ఆగలేదు. ఆదివారానికి ఫిక్రీ టికెట్టు వచ్చేసింది. కూలీల జాబితా మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఫిక్రీ ఎప్పుడో రాసిపెట్టినట్టే, కుసైస్ షెడ్డుకు హయాత్ బాషా అన్న ఒక్క పేరూ అలాగే ఉంది. తప్పు చేసినవాడు మిగిలాడు, నమ్మినవాడు వెళ్ళిపోయాడు. దేవరాజు పరుగెత్తుకొచ్చి, "భాయ్, బతికిపోయామండీ!" అని చేతులు పట్టుకున్నాడు. బాషాకు ఆ మాట ఒంటికి పట్టలేదు.

ఆదివారం ఫిక్రీ పెట్టె బండిలోకి ఎత్తింది బాషాయే. పుస్తకాలతో బరువుగా ఉంది. ఎత్తి, తాడు కట్టి, మళ్ళీ విప్పి, ఇంకోలా కట్టాడు. ఫిక్రీ ఓపిగ్గా నిలబడ్డాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాషాకు ఎంతో హాయిగా ఉండేది.

"నీ మీద నాకేం లేదు హయాత్. ఏ పక్కనుంచి పేర్చాలో నువ్వు పుట్టుకతో తెలుసుకుని రావు గదా. కుసైస్‌లో రాళ్ళను ఎండలో పెట్టకు. పగుళ్ళిస్తాయి."

"సరే సాబ్."

ఫిక్రీ బండెక్కి కూర్చున్నాడు. తలుపు వెయ్యబోతూ ఆగాడు. అప్పుడే ఏదో తట్టినట్టుంది.

"ఆ మాడిన రాయి... నువ్వు మొన్న గురువారమే చూశావా, నీళ్ళు పోసినప్పుడు?"

అవునంటే అయిపోయేది. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. పదకొండు రోజులుగా మింగలేక కక్కలేక తిరిగిన మాట, ఇప్పుడు అడ్డం లేకుండా వచ్చేసింది.

"లేదు సాబ్. అంతకు ముందర వారం, బుధవారం. మీరు నన్ను పిల్చి గవ్వ చూపించినారే, అప్పుడే చూసినా."

ఫిక్రీ పెదవులు కదిలాయి. బుధవారం నుంచి లెక్కపెడుతున్నాడని బాషాకు తెలిసిపోయింది. గురువారం. శుక్రవారం. ఆయన లెక్క శనివారం దగ్గర ఆగింది. సంతకం పెట్టిన రోజు అది.

"నేను రాస్తుంటే కిటికీ బయట తిరుగుతున్నది నువ్వే గదా" అన్నాడు ఫిక్రీ నెమ్మదిగా. "ఎండలో ఎందుకు తిరుగుతున్నావు, లోపలికి వచ్చి కూర్చోమని పిలుద్దామనుకున్నాను."

తలుపు వేసుకున్నాడు. బండి కదిలింది. బాషా దాని వెనక పది బారలు పరుగెత్తాడు, ఏం చెప్పాలని పరుగెత్తాడో ఆయనకే తెలియదు.